దంతధావనము - చిగుళ్ల రక్షణ

“వయస్సు మీరినది, పండ్లు కదలుచున్నవి” అను మాట గ్రామములలో తరచుగా వినబడును. కాని పండ్లు ఊడుటకు వయస్సొక్కటియే కారణము కాదు. చిగుళ్లయెడ చూపు అశ్రద్ధయే పెక్కుమందికి ఆ స్థితిని తెచ్చుచున్నది.

చిగురు పంటి మొదలును కప్పి కాపాడును. అది తొలగినచో వేరు బయటపడును. పైకి కనిపించు పంటికి పింగాణివంటి గట్టిపొర కలదు. వేరుకు అట్టి పొర లేదు. అందుచే చల్లని నీరు తగిలినంతనే పన్ను జివ్వుమనును. మొదలు త్వరగా అరుగును, పుచ్చును. ఒకసారి తొలగిన చిగురు తనంతట తాను తిరిగి పెరుగదు.

దీనికి ముఖ్యకారణములు రెండు: సరిగా తోమకుండుట, మితిమీరి రుద్దుట.

ప్రతిదినము తొలగింపని పాచి గట్టిపడి గార యగును. గార పట్టినచోట చిగురు వాచి నెత్తురు కారును. క్రమముగా పంటిని పట్టియుంచు ఎముకయు క్షీణించును. నెత్తురు వచ్చుచున్నదని కొందరు అచ్చట తోముటయే మానుదురు. ఇది పొరపాటు. మెత్తగా తోమి పాచిని తీసిననేగాని వాపు తగ్గదు.

ఇక కచిక, ఇటుకపొడి, ఇసుకలతో బలముగా రుద్దినచో పండ్లు తెల్లబడినట్లు తోచినను, పైపొర అరిగి చిగురు ఒరసికొనిపోవును. గట్టి బ్రష్షుతో రంపము కోసినట్లు అడ్డముగా తోమినను ఇంతియే. వేపపుల్లను విడువనక్కరలేదు. కొనను బాగుగా నమిలి, మెత్తని కుంచెగా చేసికొని, చిగురునుండి పంటి కొనవైపునకు తోమవలెను. మెత్తని బ్రష్షు, ఫ్లోరైడు గల పేస్టు వాడి, ఉదయమును రాత్రి పరుండబోవు ముందును 2 నిమిషముల చొప్పున తోముట ఉత్తమము.

పొగాకు చిగుళ్లకు శత్రువు. చుట్ట, బీడీ త్రాగువారికి చిగుళ్లనుండి నెత్తురు అంతగా రాదు. అందుచే వ్యాధి ముదురువరకు తెలియకుండును. పొగాకు కలిపిన పండ్లపొడిని, పేస్టును భారత ప్రభుత్వము 1992లోనే నిషేధించినది. మధుమేహము గలవారికి చిగుళ్ల వ్యాధి త్వరగా ముదురును; వారు మరింత జాగ్రత్త వహింపవలెను.

గార తీయించినచో పండ్లు వదులగునను భయము పలువురిలో కలదు. అంతవరకు సందులను కప్పియున్న గార పోవుటచే అట్లు తోచునేగాని, పండ్లను వదులు చేసినది వ్యాధియే. కావున నెత్తురు ఆగనివారు, పండ్లు కదలువారు ఆలసింపక దంతవైద్యునికి చూపించుకొనవలెను.

పంచాయతి సభ్యులు ఈ విషయములను గ్రామసభలో చెప్పి, పాఠశాలలో పిల్లలకు తోమువిధమును చూపించు ఏర్పాటు చేయింపవచ్చును. ముందుగా తమ ఇంట ఆచరించినచో ఆ మాటకు విలువ హెచ్చును.