మెదడు క్యాన్సర్ చికిత్సలో గంజాయి ఔషధం: సేవించే విధానాలు

ఆంధ్ర–ఒడిశా సరిహద్దు వాసులకు గంజాయి అనగానే పోలీసుల తనిఖీలు, పట్టుబడిన మూటలే గుర్తుకు వస్తాయి. అదే మొక్కలోని పదార్థాలను బ్రిటన్ వైద్యులు మెదడు క్యాన్సర్ రోగులకు ఇచ్చి పరీక్షిస్తున్నారంటే కొందరికి వింతగానే తోచవచ్చు.

మెదడు కణుతులలో మిక్కిలి ప్రమాదకరమైనది గ్లయోబ్లాస్టోమా. శస్త్రచికిత్స, రేడియేషన్, టెమొజొలొమైడ్ మాత్రలు దీనికి ప్రధాన చికిత్స. ఈ మాత్రల వల్ల వాంతులు, ఆకలి మందగించడం సామాన్యం. గంజాయిలోని టీహెచ్‌సీ వాంతులను తగ్గించగలదు, అయితే మత్తు కూడా కలిగిస్తుంది. సీబీడీ అనే మరో పదార్థానికి ఆ మత్తు లేదు.

పొగ పీల్చితే కొద్ది నిమిషాలలోనే ప్రభావం కనిపిస్తుంది. కానీ టెమొజొలొమైడ్ తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది. ఎండు ఆకులలో బూజు ఉంటే అది నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. రోగనిరోధక శక్తి సన్నగిల్లిన వారికి ఈ మార్గం తగదు.

నోటి ద్వారా మింగే నూనె, గుళికల సంగతి వేరు. ప్రభావం మొదలు కావడానికి అరగంట నుంచి రెండు గంటల వరకు పడుతుంది, తరువాత చాలా గంటలు నిలుస్తుంది. కాలేయం టీహెచ్‌సీని మరింత బలమైన రూపంలోకి మారుస్తుంది. చిక్కంతా ఇక్కడే. మందు పనిచేయలేదనుకొని మరో మోతాదు మింగినవారికి రెండూ కలిసి ఒక్కసారిగా తలకెక్కుతాయి. వాంతి చేసుకునే రోగికి ఎంత మందు లోపల నిలిచిందో తెలియదు కూడా.

మూడవది నోటిలో చిమ్మే స్ప్రే. సాటివెక్స్ అనే ఈ మందు ఒక్కొక్క చిమ్ములో 2.7 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, 2.5 మిల్లీగ్రాముల సీబీడీ ఉంటాయి. కొలత కచ్చితం కనుక కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవచ్చు. అందులోని ఆల్కహాల్ వల్ల నోరు మండడం దీని లోపం.

2021లో వెలువడిన ఒక చిన్న బ్రిటిష్ పరీక్షలో, వ్యాధి తిరగబెట్టిన వారికి టెమొజొలొమైడ్‌తో పాటు ఈ స్ప్రేను ఇచ్చారు. స్ప్రే వాడిన 12 మందిలో 83 శాతం, ఉత్తుత్తి మందు వాడిన 9 మందిలో 44 శాతం ఏడాది తరువాత జీవించి ఉన్నారు. ఇంత కొద్దిమందిని చూసి నిర్ణయానికి రాలేము. అందుకే 2023లో అరిస్టోక్రాట్ అనే పెద్ద పరీక్ష ప్రారంభమైంది. పరీక్షల వెలుపల గంజాయిని క్యాన్సర్‌ను నయంచేసే మందుగా వాడరాదని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2024లో సూచించింది. ఇతర మందులకు లొంగని వాంతులకు మాత్రం పరిశీలించవచ్చునన్నది.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయిని అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. చాటుమాటుగా దొరికే నూనె సీసాలో ఏ పదార్థం ఎంత ఉందో అమ్మేవాడికే తెలియదు.

ఏ రూపంలో వాడినా వైద్యునికి చెప్పి తీరాలి. మూర్ఛకు వాడే క్లోబజామ్ ప్రభావాన్ని సీబీడీ పెంచుతుంది, వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయానికి హాని కలుగవచ్చు. పైగా మగత, తూలడం, తికమక అనేవి కణుతి పెరిగినప్పుడు కనిపించే లక్షణాలు కూడా. మందు సంగతి దాచితే, అది మత్తో కణుతి పెరుగుదలో తేల్చుకోవడం వైద్యునికి కష్టమవుతుంది.