మూడు కాలాల్లో ముప్పు లేని షికారు

విద్యార్థులారా! సెలవు దొరికితే పార్కుకో, ఊరి బయటి తోటకో షికారు వెళ్లడం మీ అందరికీ సరదాయే. హైదరాబాదులో హరిణ వనస్థలి, విశాఖపట్నం దగ్గర కంబాలకొండ, మదనపల్లె దగ్గర హార్సిలీ కొండలు ఏడాది పొడుగునా మనల్ని పిలుస్తూనే ఉంటాయి. కాని ఒక్క సంగతి గమనించారా? మే నెలలో ప్రాణం నిలిపే చెట్టు నీడే జూన్ నెలలో ప్రాణం తీయవచ్చు! "పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా?" అనే సామెత షికారు వెళ్లేవారికి బాగా పనికివస్తుంది. ఏ కాలపు జాగ్రత్త ఆ కాలానిదే.

వేసవి: చెమట చేసే మేలు

మన శరీరపు ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. బయటి గాలి అంతకంటె వేడిగా ఉన్నప్పుడు, ఒంటిలోని వేడి బయటికి పోవడానికి ముఖ్యమైన దారి ఒక్కటే: చెమట. ఒక లీటరు చెమట ఆవిరి అయితే సుమారు 580 కిలోకాలరీల వేడిని తీసుకుపోతుంది. అయిదు లీటర్లకు పైగా మంచునీటిని మరిగే దాకా కాచడానికి చాలినంత వేడి అది! అయితే చెమట కారితే చాలదు, ఆవిరి కావాలి. గాలిలో తేమ ఎక్కువైతే అది ఆవిరి కాదు. కోస్తా ఊళ్లలో ఉక్కపోత అంత బాధపెట్టడానికి ఇదే కారణం.

కాబట్టి దాహం వేసే దాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండండి. ఉప్పు కలిపిన మజ్జిగ మరీ మంచిది. మీ స్నేహితుడు తడబడుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతూ ఉంటే, ఒళ్లు కాలిపోతుంటే, అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసరండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోను చేయండి.

వానకాలం: చెట్టు కిందికి పోవద్దు

మబ్బులో మంచు పలుకులు ఒకదానికొకటి తగిలి విద్యుదావేశం పుడుతుంది. సాధారణంగా మబ్బు అడుగున ఋణావేశం, దాని ప్రభావంతో కింది నేలలో ధనావేశం చేరుతాయి. ఆ రెండింటి మధ్య ఒక్కసారిగా విద్యుత్తు ప్రవహించడమే పిడుగు. ఎత్తయిన చెట్టు దానికి దగ్గరి దారి.

చెట్టు మీద పడే పిడుగు కింద నిలబడ్డవాడిని ఎందుకు చంపుతుంది? మానుకంటె మన శరీరం మంచి విద్యుద్వాహకం. అందువల్ల విద్యుత్తు మాను మీంచి మనిషి మీదికి దూకుతుంది. అంతే కాదు, అది నేలలోనూ పాకుతుంది. మన రెండు పాదాలు ఎడంగా ఉంటే ఒక కాలిలోంచి ఎక్కి రెండో కాలిలోంచి దిగుతుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ ఎడం ఎక్కువ కనుకనే పశువులు పిడుగులకు ఎక్కువగా చచ్చిపోతాయి.

ఉరుము వినగానే అర్జునుడి పేర్లు తలుచుకోవడం మన వాళ్లకు అలవాటు. నిజానికి ఉరుము వినపడేసరికి ఆ మెరుపు పని అయిపోయింది. భయపడవలసింది తరవాత రాబోయే దాని గురించి! ధ్వని మూడు సెకండ్లలో సుమారు ఒక కిలోమీటరు పోతుంది. మెరుపు కనపడగానే అంకెలు లెక్కపెట్టండి. ముప్ఫయి సెకండ్ల లోపల ఉరుము వినపడితే మబ్బు పది కిలోమీటర్ల లోపలే ఉందన్న మాట. పక్కా భవనంలోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లిపోండి. చివరి ఉరుము తరవాత అరగంట దాకా బయటికి రాకండి. ఏ ఆశ్రయమూ దొరక్కపోతే చెట్లకు దూరంగా, ఒకరికొకరు ఎడంగా, పాదాలు దగ్గరగా పెట్టి గొంతుకు కూర్చోండి. పడుకోవద్దు. పిడుగు తగిలినవారి ఒంట్లో విద్యుత్తు నిలిచి ఉండదు. భయపడక ముట్టుకొని సాయం చేయవచ్చు.

చలికాలం: తేనెపట్టు కింద పొయ్యి

కార్తీక మాసంలో వనభోజనాలంటే ఎవరికి ఇష్టం ఉండదు? పొయ్యి పెట్టేముందు ఒక్కసారి తల పైకెత్తి చూడండి. కొండ తేనెటీగలు ఎత్తయిన కొమ్మలకు పెద్ద పట్టు పెడతాయి. పొగ తగిలినా, రాయి తగిలినా గుంపుగా లేస్తాయి. ఒక ఈగ కుట్టగానే దాని కొండి నుంచి ఒక వాసన వెలువడుతుంది. "ఇక్కడ కుట్టండి" అని మిగతా ఈగలకు అదే కబురు! చేతులు విసురుతూ నిలబడితే ఇంకా కుడతాయి. ముఖం కప్పుకొని, పరుగెత్తి, గదిలో దూరి తలుపు వేసుకోవాలి. తరవాత కొండిని గోటితో వెంటనే గీకి తీసేయాలి. అది ఒంట్లో ఉన్నంతసేపూ విషం ఎక్కిస్తూనే ఉంటుంది.

ఏ కాలమైనా, ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి బయలుదేరండి. ఈసారి ఉరిమినప్పుడు ఇంట్లో కూర్చునే ఒక ప్రయోగం చేయండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకండ్లు లెక్కపెట్టి, మూడుతో భాగించండి. మబ్బు మీకు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో మీకే తెలుస్తుంది!