ఏడు సీట్ల హైబ్రిడ్ బండి: అపోహలు – వాస్తవాలు

పోచంపల్లిలో ఓలా, హోసూరులో ఏథర్, టీవీఎస్, శూలగిరిలో సింపుల్ ఎనర్జీ. కరెంటు స్కూటర్లకు మన కృష్ణగిరి జిల్లా పుట్టిల్లయింది. అయినా ఊత్తంగరైలో ఇంటిల్లిపాదీ ఎక్కే కారు కొనాలన్న మాట వస్తే చర్చ ఇన్నోవా దగ్గరే మొదలవుతుంది. అవ్వాతాతలు, పిల్లలు, పెట్టెలు అన్నీ పట్టాలి. తిరుపతికి పోవాలి, పున్నమికి తిరువణ్ణామలై పోవాలి, బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకును చూసి రావాలి.

ఒకప్పుడు ఇందులో ఆలోచించడానికేమీ ఉండేది కాదు, డీజిల్ బండి కొనేవాళ్లు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు మానేసింది, ఎర్టిగాలో డీజిల్ పోయింది. 2022 నవంబరులో టయోటా చూపించిన ఇన్నోవా హైక్రాస్‌లో అసలు డీజిల్ ఇంజనే లేదు. మామూలు పెట్రోలు రకంతో పాటు, పెట్రోలుకు తోడు మోటారు, బ్యాటరీ పెట్టిన హైబ్రిడ్ రకం తెచ్చారు. 2023 జూలైలో అదే బండి ఇన్విక్టో పేరుతో మారుతి షోరూముల్లోకి వచ్చింది. రెండూ తయారయ్యేది బెంగళూరు దాటాక బిడదిలో. ఇంత దగ్గర తయారయ్యే బండి గురించి మన పక్క తిరుగుతున్న మాటల్లో సగం నిజం కావు. వాటిని నమ్మి పది, ఇరవై లక్షల నిర్ణయం తీసుకోవడం నన్ను కలవరపెడుతోంది.

అపోహ: హైబ్రిడ్ అని రాసి ఉంటే అన్నీ ఒకటే.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. హైబ్రిడ్లలో రెండు జాతులున్నాయి. ఎర్టిగా మీద స్మార్ట్ హైబ్రిడ్ అన్న పేరు ఉంటుంది. అది మైల్డ్ హైబ్రిడ్. అందులోని చిన్న మోటారు ఇంజనును స్టార్ట్ చేస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజనును తిరిగి లేపుతుంది, వేగం పెంచేటప్పుడు కాస్త ఊతమిస్తుంది. చక్రాలను సొంతంగా తిప్పలేదు. హైబ్రిడ్ రకం హైక్రాస్, ఇన్విక్టో స్ట్రాంగ్ హైబ్రిడ్లు. వాటిలో ఇంజను పూర్తిగా ఆగిపోయి, బండి మోటారు మీదే కదులుతుంది. నెమ్మదిగా పోయే చోట ఇంజను ఆగుతూ, లేస్తూ ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వం కూడా మొదట ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, కరెంటు బండ్లను ప్రోత్సహించే ఫేమ్ పథకం కింద మైల్డ్ హైబ్రిడ్లకూ సాయం ఇచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి వాటిని తీసేసింది. ఎర్టిగా మంచి బండే. ధరకు తగ్గ చోటు, తక్కువ ఖర్చు, కావాలంటే సీఎన్‌జీ కూడా దొరుకుతుంది. కానీ దాన్ని హైక్రాస్‌కు చవక రూపం అనుకుని కొనకండి. షోరూములో ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఇంజను ఆగి ఉండగా ఈ బండి కదులుతుందా? కదిలించి చూపించమనండి.

అపోహ: రోజూ ఛార్జింగ్ పెట్టాలి, ఊళ్లో కరెంటు పోతే బండి నిలిచిపోతుంది.

ఈ బండికి ప్లగ్గే ఉండదు. బ్రేకు వేసినప్పుడు, పల్లంలో దిగేటప్పుడు వృథాగా పోయే శక్తిని మోటారే కరెంటుగా మార్చి బ్యాటరీలో దాస్తుంది, చాలకపోతే ఇంజను నింపుతుంది. ప్లగ్ పెట్టే హైబ్రిడ్లు వేరే ఉన్నాయి, చైనాలో అవి బాగా నడుస్తున్నాయి. మన మధ్యతరగతి కుటుంబాల ఏడు సీట్ల బండ్లలో ఆ రకం లేదు.

అపోహ: మూడు నాలుగేళ్లకు బ్యాటరీ పోతుంది, ఆపైన లక్షలు పెట్టాలి.

సెల్‌ఫోన్ బ్యాటరీని చూసి పుట్టిన భయం ఇది. ఫోనును నూరు శాతం నింపి, అడుగంటేదాకా వాడతాం. హైబ్రిడ్ కారు తన బ్యాటరీని అలా వాడనివ్వదు. నిండుగానూ ఖాళీగానూ కాకుండా ఎప్పుడూ నడిమి స్థాయిలో ఉంచుతుంది, అందుకే ఆయుష్షు పెరుగుతుంది. హైక్రాస్‌లోది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. 1997లో జపానులో టయోటా హైబ్రిడ్ కారు ప్రియస్ అమ్మకానికి వచ్చిన నాటి నుంచీ వాడుతున్న పాత, నమ్మకమైన రసాయనం అది. టయోటా దీనికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తోంది.

అయితే దీన్ని పట్టించుకోకుండా వదిలేయమని కాదు. ఈ బ్యాటరీని చల్లబరిచే గాలిని బండి లోపలి నుంచే లాగుతారు. ఆ గాలిదారికి అడ్డంగా సంచులు పెట్టకూడదు. మామిడి తోటల మట్టిదారుల్లో తిరిగే బండికి అక్కడి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతుంది, సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ శుభ్రం చేయించాలి. అది ఎక్కడుందో బండితో ఇచ్చే పుస్తకంలో చూసుకోవచ్చు.

ఇంకొకటి. పెద్ద బ్యాటరీ గురించి భయపడేవాళ్లు, మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీని మరిచిపోతారు. బండి కంప్యూటర్లకు ప్రాణం పోసేది అదే. పిల్లలు బెంగళూరులో, బండి ఊత్తంగరైలో ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. వారాల తరబడి కదలని హైబ్రిడ్‌లో ముందు చచ్చేది ఆ చిన్న బ్యాటరీయే. వారానికోసారి బండిని రెడీ స్థితిలోకి తెచ్చి కొంతసేపు ఉంచాలి. దారిలో చెడితే ముందు చక్రాలు నేల మీద దొర్లేలా తాడు కట్టి లాగించకండి. చక్రాలకు మోటారు కలిసే ఉంటుంది కాబట్టి అది పాడవుతుంది. బండిని పూర్తిగా లారీ మీదకు ఎక్కించి తీసుకుపోవాలి.

అపోహ: మైలేజీ తేడాతో ఎక్కువ పెట్టిన డబ్బు రెండు మూడేళ్లలో తిరిగొచ్చేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. కంపెనీ చెప్పిన ప్రకారం పెట్రోలు హైక్రాస్ లీటరుకు 16.13, హైబ్రిడ్ 23.24 కిలోమీటర్లు ఇస్తుంది. ఏటా 20,000 కిలోమీటర్లు తిరిగితే ఆదా అయ్యేది దాదాపు 380 లీటర్లు. లీటరు నూరు రూపాయలని పట్టుకుంటే 38,000. రెండు రకాల మధ్య ధర తేడా 5 లక్షలనుకుంటే, అది పూడడానికి పదమూడేళ్లు పడుతుంది.

నగరంలో లెక్క మారుతుంది. రద్దీలో పెట్రోలు బండి పదికి పడిపోయి, హైబ్రిడ్ పదహారు ఇచ్చిందనుకోండి, అదే 20,000 కిలోమీటర్లకు 750 లీటర్లు మిగులుతాయి. ఏడాదికి 75,000. ఏడేళ్ల లోపే తేడా పూడుతుంది. ఏటా యాభై వేలు తిప్పే ట్యాక్సీకయితే ఇంకా త్వరగా. సీట్లు, స్క్రీన్ల వంటి అదనపు హంగుల వల్ల కూడా ధర పెరుగుతుంది కాబట్టి అదంతా హైబ్రిడ్ ఖాతాలో వేయకూడదు.

అంటే బండి ఎక్కడ తిరుగుతుందన్నదే ముఖ్యం. కృష్ణగిరి నుంచి హోసూరుకు జాతీయ రహదారి 44 మీద ఒకే వేగంతో పోతుంటే ఇంజనే నడుపుతుంది, హైబ్రిడ్ గొప్పతనం తగ్గుతుంది. హోసూరు దాటి అత్తిబెలె, ఎలక్ట్రానిక్ సిటీ రద్దీలో పడ్డాక అది తన బలం చూపిస్తుంది. పున్నమినాడు తిరువణ్ణామలైలో అడుగులో అడుగు వేస్తూ కదిలే చోట కూడా అంతే. ఏటా పదివేల కిలోమీటర్లు కూడా తిరగని ఇల్లు డబ్బు ఆదా కోసం హైబ్రిడ్ కొనడం తప్పు లెక్క.

అపోహ: ముందు చక్రాలు లాగే బండి, నిండా జనం ఉంటే ఘాట్ ఎక్కదు.

ఎక్కుతుంది. మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలం ఇస్తుంది, ఏలగిరి కొండ మీది 14 మలుపుల్లో అది తెలుస్తుంది. నేను జాగ్రత్త చెప్పేది దిగేటప్పుడు. పొడవాటి దిగుడులో బ్యాటరీ త్వరగా నిండిపోతుంది, ఆ తర్వాత మోటారు బ్రేకుకు తోడు తగ్గుతుంది. అప్పుడు బ్రేకు మీదే కాలు నొక్కిపట్టకుండా, ఇంజను బ్రేకింగ్ కోసం ఇచ్చిన స్థానంలోకి లీవరు మార్చాలి. తొప్పూరు దిగుడులో ఎన్ని ప్రమాదాలు జరుగుతున్నాయో మనకు తెలుసు.

అయితే రాళ్లు తేలిన తోటదారిలో రోజూ బరువులు మోయించాలంటే, ఛాసిస్ మీద కట్టిన, వెనక చక్రాలు నడిపే ఇన్నోవా క్రిస్టా డీజిలే గట్టిది. హైక్రాస్ ఆ పనికి పుట్టలేదు.

అపోహ: వాన నీళ్లలో షాక్ కొడుతుంది.

ఎక్కువ వోల్టేజీ తీగలు బండి లోహపు ఒంటికి తగలకుండా విడిగా ఉంటాయి, ప్రమాదం పసిగడితే కరెంటు దానంతటదే తెగిపోతుంది. నారింజ రంగు తొడుగున్న తీగలను మాత్రం శిక్షణ లేని మెకానిక్ ముట్టుకోకూడదు. టైర్లు, ఆయిలు, బ్రేకు ప్యాడ్లు ఎవరైనా చూడొచ్చు.

అపోహ: ఎలక్ట్రిక్ వచ్చేసింది, హైబ్రిడ్‌కు ఇక రోజులు లేవు.

కార్ల ఆకారాలు వచ్చి పోవడం మామూలే. టాటా ఎస్టేట్, ఇండిగో మరీనా, ఆక్టేవియా కాంబి వంటి పొడవు డిక్కీ బండ్లు మన దేశంలో నిలవలేదు. అమెరికాలో ప్రియస్ వి అనే కుటుంబ బండి 2017లో ఆగిపోయింది. కానీ దానిలోని హైబ్రిడ్ యంత్రం చావలేదు, ఎస్‌యూవీల్లోకి, ఎమ్‌పీవీల్లోకి మారింది. ఇక్కడా అదే జరుగుతోంది.

ఎలక్ట్రిక్ పోటీ నిజమే. 2025 జూలైలో కియా తెచ్చిన క్యారెన్స్ క్లావిస్ ఈవీ ఒక ఛార్జికి 490 కిలోమీటర్ల దాకా వస్తుందని కంపెనీ మాట. ఊత్తంగరై నుంచి తిరుపతికి పోను రాను నాలుగు వందలు దాటుతాయి. ఏడుగురితో, ఏసీతో, కొండ ఎక్కుతూ పోతే దారిలో ఒకసారి ఛార్జింగ్‌కు ఆగాల్సిందే. ఇంట్లో ఛార్జింగ్ ఉండి, రోజూ కృష్ణగిరి వరకో తిరుపత్తూరు వరకో తిరిగేవాళ్లకు అదే మంచిది, ఇందులో నాకు సందేహం లేదు. హైబ్రిడ్ పెట్రోలు తాగే బండే, పొగ వదిలే బండే. ఎలక్ట్రిక్ బండ్లకిచ్చే పచ్చ నంబరు ప్లేటు దానికి రాకపోవడం న్యాయమే.

న్యాయం కానిది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీలో ఎలక్ట్రిక్ కారుకు 5 శాతం, పెద్ద హైబ్రిడ్‌కు 40 శాతం. అంతే సైజు మామూలు పెట్రోలు, డీజిల్ బండికీ అదే 40. దాదాపు మూడో వంతు తక్కువ తాగే బండిని, ఎక్కువ తాగే బండిని ఒకే పన్నుతో కొలవడం సరికాదు. ఉత్తరప్రదేశ్ 2024 జూలైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. కరెంటు బండ్లకు ఇంత చోటిచ్చిన తమిళనాడు, ఛార్జింగ్ సదుపాయం చాలని ఊత్తంగరై వంటి ఊళ్ల కుటుంబాల కోసం పూర్తిగా కాకపోయినా ఆ రిజిస్ట్రేషన్ పన్ను కొంతైనా తగ్గించాలి.

నా తీర్పు ఇది. ఏటా ఇరవై వేలకు పైగా తిరిగి, అందులో బెంగళూరు రద్దీ ఎక్కువుంటే స్ట్రాంగ్ హైబ్రిడ్ కొనండి. రోజూ దగ్గర ప్రయాణాలే అయి, ఇంట్లో ప్లగ్ ఉంటే ఎలక్ట్రిక్. తక్కువ తిరిగేవాళ్లకు ఎర్టిగా చాలు. కొనేముందు కిందటి ఏడాది పెట్రోలు బంకు రసీదులు ముందేసుకుని కూర్చోండి.