మీకు తెలుసా? మంచం మీది నుంచి యుద్ధం!

1962 అక్టోబర్ 20న చైనా విరుచుకుపడేనాటికి, ఈశాన్య సరిహద్దును కాయాల్సిన 4వ కోర్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్ జబ్బుపడి ఢిల్లీలో ఇంట్లో ఉన్నారు. పగ్గాలు మాత్రం వదల్లేదు. మంచం మీది నుంచే ఆదేశాలు పంపారు! యుద్ధరంగంలో దళాలను నడిపిన అనుభవం ఆయనకు లేదనే చెప్పాలి.

సైన్యాన్ని సన్నద్ధం చేయలేదంటూ సొంత కాంగ్రెస్ ఎంపీలే నిలదీయడంతో రక్షణమంత్రి కృష్ణమేనన్ నవంబర్‌లో రాజీనామా చేశారు. నెల తిరక్కుండానే సైన్యాధిపతి థాపర్ కూడా తప్పుకున్నారు. ఆ యుద్ధంలో ఓటమి నేపథ్యంలో 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వంపై ఆచార్య కృపలానీ పెట్టిన అవిశ్వాస తీర్మానం లోక్‌సభ చరిత్రలో మొదటిది. 62 ఓట్లే పడి వీగిపోయింది.

ఓటమిపై సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, భగత్‌లు ఇచ్చిన నివేదికను మాత్రం, ఎన్ని ప్రభుత్వాలు మారినా, అధికారికంగా బయటపెట్టలేదు.