శ్రద్ధయే ఆచారానికి ప్రాణం



ఆచారం శరీరం వంటిది. శ్రద్ధ దానికి ప్రాణం. "మనస్సులో భక్తి ఉంటే చాలదా, ఈ ధూపదీప నైవేద్యాలెందుకు?" అని అడిగేవారు కొందరు. "విధి తప్పక జరిగితే చాలు, మనస్సు ఎక్కడ తిరిగితేనేమి?" అన్నట్లు నడచుకొనేవారు మరికొందరు. ఈ ఉభయుల సందేహానికీ చీనాదేశంలో మేము దర్శించిన ఒక ప్రాచీనాలయం చక్కని సమాధానం చెబుతున్నది.

ఆ దేశపు ఆగ్నేయ సముద్రతీరంలో చ్వాన్‌జౌ అనే రేవు పట్టణం ఉన్నది. అక్కడి కైయువాన్ ఆలయం క్రీ.శ. 686లో వెలసిన బౌద్ధక్షేత్రం. మల్బరీ చెట్లకు పద్మాలు పూచిన మహిమ చేత ఆ తోట బుద్ధునికి సమర్పితమైనదని అక్కడి స్థలపురాణం. 13వ శతాబ్దంలో కట్టిన రెండు రాతి గోపురాలు ఐదేసి అంతస్తులతో నేటికీ చెక్కుచెదరక నిలిచి ఉన్నాయి. 2021లో ఈ పట్టణపు ప్రాచీన స్థలాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది.

ఆ ఆలయ ప్రధానమందిరానికి వెనుకవైపు వసారాలో రెండు రాతి స్తంభాలున్నాయి. వాటిపై హిరణ్యకశిపుని చీల్చుతున్న నరసింహస్వామి, మద్దిచెట్ల నడుమ బాలకృష్ణుడు మలచబడి ఉన్నారు. బుద్ధమందిరంలో మన దేవతామూర్తులు ఎట్లా వచ్చారు? పూర్వం ఆ రేవులో స్థిరపడిన తమిళ వర్తకులు అక్కడ శివుని ప్రతిష్ఠించుకొన్నారు. 1281 నాటి ఆ ప్రతిష్ఠను తెలిపే తమిళ, చీనా లిపుల శాసనం ఆ పట్టణంలోనే దొరికినది. కాలక్రమాన వర్తకం సన్నగిల్లినది, ఆలయం శిథిలమైనది. మింగ్ వంశీయుల కాలంలో బౌద్ధమందిరాన్ని పునరుద్ధరించినప్పుడు ఈ స్తంభాలను అందులో నిలిపారు.

ఆ శతాబ్దపు సముద్రవర్తకం మన తెలుగునేలకూ సంబంధించినదే. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో సుంకపు సరుకుల నడుమ చీనా కర్పూరం పేరు కనిపిస్తుంది.

ఇక ఆ స్తంభాల ఎదుట మాకు తోచిన విచారమేమనగా: శిల ఉన్నది, శిల్పం ఉన్నది, కథ ఉన్నది, అర్చన మాత్రం లేదు. వచ్చినవారు నరసింహుని చూచి మెచ్చుకొంటున్నారే గాని, ఒక పుష్పం సమర్పించేవారు లేరు. నిత్యార్చన లోపించిన బింబానికి సంప్రోక్షణాదులను ఆగమాలు ఎందుకు విధించాయో అక్కడ ప్రత్యక్షంగా తెలిసివస్తుంది. దేవాలయాన్ని దేవాలయంగా నిలిపేది రాయి కాదు, ప్రతిదినమూ దీపం వెలిగించే చేయి.

రెండవది శబ్దం. చీనా బౌద్ధభిక్షువులు ప్రాతఃకాలంలో పఠించే ధారణులు సంస్కృత శబ్దాలే; వాటిని చీనా లిపిలోకి ఎత్తి వ్రాసుకొన్నారు. పలుకుబడి మారినది, అర్థం చాలమందికి అందదు. అయినా శతాబ్దాలుగా ఆ పారాయణను వారు వదలలేదు. పద, క్రమ, జటా, ఘన పాఠాలతో వేదశబ్దాన్ని కాపాడుకొన్న మనకు ఆ దీక్ష విలువ తెలియనిది కాదు. అయితే అర్థమెరుగని అధ్యయనాన్ని బరువు మోసే స్తంభంతో పోల్చి యాస్కాచార్యులు మనను హెచ్చరించారు. శబ్దాన్ని రక్షించడం సగం పని. అర్థాన్ని గ్రహించడం మిగిలిన సగం.

మూడవది శ్రద్ధ. ఆ పట్టణానికి సమీపంలోని చేదియన్ అనే గ్రామంలో చిన్న గుడి ఉన్నది. అందులోని చతుర్భుజ దేవీమూర్తి భారతీయ వర్తకుల కాలం నాటిదని పరిశోధకుల అభిప్రాయం. గ్రామస్థులు ఆ తల్లిని తమ కరుణాదేవత గ్వాన్‌యిన్‌గా భావించి అగరువత్తులు వెలిగించి కొలుస్తున్నారు. వారికి మన మంత్రం తెలియదు, మన విధి తెలియదు. అయినా ఆ గుడిలో ధూపం ఆరలేదు. గీత తొమ్మిదవ అధ్యాయంలో భగవానుడు అర్పించే వస్తువు కంటే అర్పించే భక్తికే ప్రాధాన్యమిచ్చాడు గదా! ఆ తల్లి వారి పూజను తిరస్కరిస్తుందని ఏ శాస్త్రజ్ఞుడు అనగలడు?

కాబట్టి మంత్రం, విధి, శ్రద్ధ అనే మూడింటిలో మొదట పట్టుకోవలసినది శ్రద్ధ. శ్రద్ధ ఉన్నచోట విధిని నేర్పవచ్చు, మంత్రాన్ని ఉపదేశించవచ్చు. శ్రద్ధ పోయినచోట విధి కొంతకాలం అలవాటుగా నడిచి, ఆపైన ఆగిపోతుంది. అట్లని శ్రద్ధ ఒక్కటే చాలునని విధిని వదలరాదు. తండ్రి హృదయంలోని భక్తిని కుమారుడు చూడలేడు. తండ్రి చేసే సంధ్యావందనాన్ని చూడగలడు. ఆచారం ద్వారానే శ్రద్ధ ఒక తరం నుండి మరొక తరానికి చేరుతుంది.

మన గ్రామాలలోనూ పిల్లలు దూరదేశాలకు పోగా, అర్చకులు లేక సాయంకాలం దీపం వెలగని గుళ్ళున్నాయి. వాటికి చీనా స్తంభాల గతి పట్టకుండా చూడవలసినవారు మనమే. దీనికి గొప్ప ధనం అక్కరలేదు. మీ ఊరి గుడిలో దీపారాధనకు నూనె ఏర్పాటు చేయండి. ఇంటిలో హారతి ఇచ్చేటప్పుడు పిల్లలను దగ్గర నిలుపుకొని, కర్పూరం శేషం లేకుండా కరిగిపోయినట్లు అహంకారం కరగాలని దాని భావాన్ని వివరించండి. పిల్లవాడు ఎందుకని అడిగితే విసుగుకోకండి. ఆ ప్రశ్నకు ఓర్పుతో చెప్పిన సమాధానమే రేపటి ఆచారానికి పునాది.

శుభం భూయాత్.