గద్వాల చీరకు దారి చూపు లంకెలు

నూలుతో చీరమేనిని, పట్టుతో అంచును కొంగును నేసి, ఆ రెంటిని మగ్గముమీదనే పోగుకు పోగు పెనవేసి ఏకవస్త్రముగా దింపుట గద్వాల నేతవారి విద్య. ఆ విద్యకు భౌగోళిక సూచిక గుర్తింపు కలదు. దేశమందలి వస్త్రప్రియులలో దానిని ఎఱుగనివారు అరుదు. అయినను నేడు ఎవరైనను గద్వాల చీరను గూర్చి తెలిసికొనగోరి ఫోనులో గూగుల్ తెరచి వెదకినచో, వచ్చిన పుటల వరుసలో ముందు నిలుచునది నేసినవారి పుటయే యగునన్న నియమము లేదు. దూరనగరమందలి వర్తకుని పుట కావచ్చును. మగ్గపుగుంటను కన్నులారా చూడనివారు వ్రాసిన పుటయు కావచ్చును. ఆ వరుసను నిర్ణయించు కారణములలో ప్రధానమైన దొకటి బ్యాక్‌లింకు, అనగా ఇతరుల వెబ్‌సైటునుండి మన వెబ్‌సైటునకు చూపబడిన లంకె. దానిని లెక్కించుటకును, పరిశీలించుటకును, సంపాదించుటకును ఏర్పడిన సాఫ్ట్‌వేరు సాధనములను గూర్చి మన పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతమువారు తెలిసికొనవలసిన కాలము వచ్చినదని నా దృఢవిశ్వాసము.

లంకెకు విలువ కట్టు ఆలోచన పండితలోకమునుండి వచ్చినది. ఒక శాస్త్రగ్రంథమును ఎందరు తక్కిన గ్రంథకర్తలు ఉదాహరించిరో చూచి దాని గౌరవమును అంచనా వేయు పద్ధతిని యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో వెలువరించిన శాస్త్రోదాహరణ సూచిక ప్రసిద్ధము చేసినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు 1996 ప్రాంతమున ఆ సూత్రమునే వెబ్ పుటలకు అన్వయించి, తమ తొలి యంత్రమునకు బ్యాక్‌రబ్ అని పేరిడిరి. అదియే తరువాత గూగుల్ అయినది. లంకెలను ఊరక లెక్కించుట కాక, లంకె నిచ్చిన పుటకు ఎంత గౌరవ మున్నదో దానినిబట్టి ఆ లంకెను తూచుట వారి విశేషము. ఇది మన సంస్థానముల కాలపు ఆచారమునకు దూరమైనది కాదు. విద్వద్గద్వాల యని ఖ్యాతి గన్న ఆస్థానమున సత్కారము పొందిన కవికి వనపర్తి, ఆత్మకూరు సంస్థానములలో ద్వారములు తెరచియే యుండెడివి. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానము లన్నిటను తిరిగినవారే. నూరు పల్లెల పొగడ్తకంటె పండితసభ ఒప్పుకొన్న ఒక్క శాలువకు విలువ యెక్కువ.

లెక్కను మన మూడు పట్టణముల పేరనే చేసి చూతము. గద్వాల పుట వనపర్తికిని నాగర్‌కర్నూలుకును చెరియొక లంకె నిచ్చిన దనుకొందము. వనపర్తి పుట నాగర్‌కర్నూలుకు మాత్రమే, నాగర్‌కర్నూలు పుట గద్వాలకు మాత్రమే ఇచ్చినవి. లంకెలను ఎంచినచో నాగర్‌కర్నూలుకు రెండు, తక్కినవానికి ఒక్కొక్కటి. కాని గద్వాల తన విలువను సగము సగముగా పంచియిచ్చును. నాగర్‌కర్నూలు తన విలువ నంతటిని గద్వాలకే ఒప్పగించును. ఈ పంపకము మరల మరల సాగి నిలుకడకు వచ్చునప్పటికి నూటికి గద్వాలకు 40, నాగర్‌కర్నూలుకు 40, వనపర్తికి 20 పాళ్లు నిలుచును. ఒక్క లంకెయే గల గద్వాల రెండు లంకెల నాగర్‌కర్నూలుతో సమానమైనది. ఒక్క లంకెయే గల వనపర్తి అందులో సగముకడ నాగినది. చదువరి యొక్కొక్కప్పుడు లంకెను విడిచి వేఱొక పుటకు పోవునని తలచి, పేజ్ బ్రిన్‌లు నూటికి 85 పాళ్లను మాత్రమే లంకెల వెంట నడిపి, మిగిలిన 15 పాళ్లను పుటలన్నిటికి సమముగా పంచిరి. అట్లు చేసినచో అంకెలు సుమారు 39, 40, 21 అగును. నేటి గూగుల్ ఇంకను పెక్కు విషయములను గణించునుగాని, ఈ మూలతత్త్వమును విడువలేదు.

ఇక సాధనముల మాట. అన్నిటికంటె మొదట పట్టవలసినది గూగుల్ వారే ఉచితముగా నిచ్చు సెర్చ్ కన్సోల్. సైటు తమదేయని ఋజువు చేసికొన్నవారికి, బయటినుండి ఏయే సైట్లు లంకె నిచ్చినవో, మన యే పుటకు ఎక్కువ వచ్చినవో, ఏ మాటలమీద ఆ లంకె యున్నదో అది చూపును. ఇతరుల సైటును పరిశీలింప గోరువారు సింగపూరునందలి ఏహ్రెఫ్స్‌ను, ఇంగ్లండునందలి మెజెస్టిక్‌ను, అమెరికాలోని మాజ్, సెమ్‌రష్‌లను ఆశ్రయింతురు. ఇవి తమ సొంత యంత్రములను రాత్రింబవళ్లు వెబ్ పుటలమీద తిప్పి, కనబడిన ప్రతి లంకెను తమ కోశమున చేర్చుకొనుచుండును. మాజ్ వారి డొమైన్ అథారిటీ, ఏహ్రెఫ్స్ వారి డొమైన్ రేటింగ్ నూరులోపు అంకెలుగా వచ్చును. అవి ఆ సంస్థలు కట్టిన అంచనాలేకాని గూగుల్ ఇచ్చిన మార్కులు కావు. ఈ సంగతి మఱచి, అంకె పెరుగుటయే పరమార్థ మనుకొని డబ్బు పోగొట్టుకొనువారిని చూచి నాకు మిక్కిలి బాధ కలుగును.

ఆ సాధనములలో ఒక నివేదికను తెరచినచో, ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క లంకె చొప్పున పట్టిక కనబడును. మొదట లంకె నిచ్చిన పుట చిరునామా. పిమ్మట యాంకర్ టెక్స్ట్, అనగా ఏ మాటను నొక్కినచో మన పుట తెరచుకొనునో ఆ మాట. ఆ తరువాత లంకె చేరు పుట. తుదకు అది మొదట కనబడిన దినము, పోయినచో పోయిన దినము. ‘ఇక్కడ నొక్కుడు’ అన్న మాటమీద లంకె యున్నచో యంత్రమునకు తెలియున దల్పము. ‘గద్వాల చేనేత చీరలు’ అన్న మాటమీద నున్నచో ఆ పుట దేనిని గూర్చినదో స్పష్టమగును. కొన్నిటి ప్రక్క నోఫాలో అను గుర్తుండును. వ్యాఖ్యలలో లంకెలను చల్లిపోవువారి బెడదను అరికట్టుటకై 2005లో ఏర్పరచిన గుర్తది. ఆ లంకెకు తాము పూచీ పడుట లేదని సైటువారు చెప్పుట. ‘పోయిన లంకెలు’ అను భాగమును నెలకొకసారియైన చూడవలెను. మన పుట చిరునామా మారి, పాతలంకె ఎక్కడికిని చేరకున్నచో, పాత చిరునామానుండి క్రొత్తదానికి మళ్లింపు పెట్టినంతమాత్రమున పోయిన గౌరవము తిరిగివచ్చును. ఇంతకంటె చౌకయైన లాభము ఈ వ్యవహారమున మఱియొకటి లేదు.

లంకెకు విలువ యున్నదని తెలియగానే దానిని అమ్మువారును పుట్టిరి. అమెరికాలోని పెద్ద వర్తకసంస్థ జేసీపెన్నీ సైటుకు, దుస్తులతో ఏ సంబంధమును లేని వేలకొలది పుటలనుండి లంకెలు వచ్చినట్లు 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టగా, గూగుల్ ఆ సైటును వరుసలో మిక్కిలి క్రిందికి త్రోసినది. 2012 ఏప్రిల్ 24న గూగుల్ వరుసనిర్ణయమున పెంగ్విన్ అను మార్పు వచ్చి కొన్న లంకెలవారిని దేశదేశములందు దెబ్బ తీసినది. నూఱు రూపాయలకు వేయి లంకె లిత్తుమని ఫోను చేయువారి మాటను గద్వాల నేతసంఘము గాని, కొల్లాపురపు మామిడి వర్తకుడు గాని నమ్మరాదు.

న్యాయముగా లంకెను సంపాదించు మార్గము మన ముంగిటనే కలదు. తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవములకు గద్వాలనుండి ఏటేటా ఏరువాడ జోడుపంచెలు పోవును. పత్రికలన్నియు ఆ వార్తను వ్రాయును. గద్వాల పేరున్న చోట నేతవారి పుటకు లంకె లేకున్నచో, అది పేరెత్తి చిరునామా చెప్పకుండుటయే. అట్టి ప్రస్తావనలను ఈ సాధనములు వెదకి చూపును. చూపిన పిమ్మట సంపాదకునకు మర్యాదగా నొక జాబు వ్రాయుటయే మిగిలిన పని. నల్లమలలోని మల్లెలతీర్థమును, కృష్ణాతీరమందలి సోమశిలను గూర్చి యాత్రికులు వ్రాసిన పుటలున్నవి. బస, బోటు, దారి వివరములను సరిగా నిచ్చు స్థానిక పుట యొకటి యున్నచో వారు దానికి లంకె నిచ్చుటకు కారణ ముండును. ఇంకొక చిక్కు గలదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడినది 2016 అక్టోబరు 11న. అంతకుముందు వ్రాసిన పుటలలో ఇవి మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. నాగర్‌కర్నూలును ఇంగ్లీషున ఒకరు ఒక్క మాటగను, ఇంకొకరు రెండు మాటలుగను వ్రాయుదురు. ప్రస్తావనలను వెదకువారు పాతజిల్లా పేరును, ఈ రూపభేదములను అన్నిటిని సాధనమున కందింపవలెను. లేనిచో సగము కనబడకయే పోవును.

వనపర్తి రాజప్రాసాదమున నడుచు పాలిటెక్నిక్ విద్యార్థులకు సెర్చ్ కన్సోల్ నేర్చుట పెద్దపని కాదు. అధ్యాపకులు వారిని ఇరువురు మువ్వురు చొప్పున ఒక్కొక్క చేనేత సంఘమునకు తోడిచ్చి, పుటలు కట్టించి, నివేదికలు చదివించవలెనని నా మనవి. పత్రికా సంపాదకులకు ఇంకొక మనవి: గద్వాల చీరను గూర్చి ఇకమీద వ్రాయునప్పుడు నేసినవారి పుటకు ఒక్క లంకె చేర్చుడు; దానికి మీకగు వ్యయ మేమియు లేదు.