పన్ను కంటే ముందు ఎముక

"ఇంప్లాంట్ తర్వాత సంగతి, ముందు ఎముక వేయాలి" అని దంతవైద్యుడు అనగానే చాలామంది కంగారుపడతారు. పన్ను పోయిందని వెళ్తే ఎముక కూడా పోయిందంటారేమిటి? కానీ అది నిజమే. దవడలో పళ్ళను పట్టి ఉంచే గట్టు పళ్ళ కోసమే ఉంటుంది. పన్ను పీకేశాక ఏడాదిలో ఆ గట్టు వెడల్పు దాదాపు సగానికి తగ్గిపోవచ్చు. ఆ తరుగులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. పన్ను వేరుకు బదులు ఎముకలో దించే మామూలు ఇంప్లాంట్ మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని చుట్టూ మరో మిల్లీమీటరో, ఒకటిన్నరో ఎముక మిగలాలి. ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న చోట అంత జాగా చాలాసార్లు దొరకదు.

నేటి ఇంప్లాంట్‌కు మూలపురుషుడు స్వీడన్‌కు చెందిన పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్. 1950ల ఆరంభంలో కుందేళ్ళ కాలి ఎముకలో రక్తప్రసరణ చూడటానికి ఆయన టైటానియం గొట్టాలు అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అవి ఊడి రాలేదు, ఎముక వాటిని గట్టిగా పట్టేసుకుంది. 1965లో యోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో అమర్చిన టైటానియం ఇంప్లాంట్లు 2006లో ఆయన చనిపోయేదాకా పనిచేశాయి. అయితే పట్టుకోవడానికి ఎముకంటూ ఉండాలి కదా!

లేనివాళ్ళకు మొదట్లో రోగి తుంటి నుంచో, గడ్డం నుంచో ముక్క తీసి దవడకు బిగించేవారు. సొంత ఎముకలో జీవకణాలుంటాయి కాబట్టి దాని విలువ ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఒక పన్ను కోసం ఒంట్లో రెండు చోట్ల గాయం, తుంటి నొప్పితో కుంటడం. అది పెద్ద మూల్యమే.

అసలు మలుపు 1988లో, గోథెన్‌బర్గ్‌లో వచ్చిందని నేను నమ్ముతాను. క్రిస్టర్ డాలిన్ బృందం ఎలుకల దవడకు రెండు పక్కలా 5 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసింది. ఒక పక్క టెఫ్లాన్ పొర కప్పి, రెండో పక్క వదిలేసింది. పొర కప్పిన రంధ్రాలు ఆరు వారాల్లో దాదాపు అన్నీ ఎముకతో పూడాయి. కప్పనివి నెలలు గడిచినా పూడలేదు. కారణం తేలిక: చుట్టూ ఉన్న మెత్తని కణజాలం వేగంగా పెరుగుతుంది, ఎముక నెమ్మదిగా పెరుగుతుంది. మెత్తని కణజాలం ముందే వచ్చి జాగా ఆక్రమిస్తే ఎముకకు చోటుండదు. దాన్ని అడ్డుకుంటే చాలు, మిగతా పని శరీరమే చేసుకుంటుంది.

పైదవడలో చిక్కు వేరు. అక్కడ దవడ పళ్ళు ఊడిపోతే సైనస్ అనే గాలిగది కిందికి జారినట్టు విస్తరిస్తుంది. అమెరికాలో హిల్ట్ టేటమ్ 1970లలో దీనికి దారి చూపాడు. బుగ్గ వైపు చిగురు తెరిచి, పలచని ఎముక గోడలో చిన్న కిటికీ కోస్తారు. లోపల మిల్లీమీటరు మందం కూడా లేని పొర ఉంటుంది. దాన్ని చిరగకుండా మొద్దు అంచు పనిముట్టుతో అంగుళం అంగుళం కాదు, వెంట్రుకవాసి చొప్పున పైకి నెట్టాలి. ఆ ఖాళీలో ఎముక పొడి నింపుతారు. సెలైన్‌లోనో, రోగి రక్తంలోనో తడిపాక ఆ పొడి తడి బొంబాయి రవ్వలా ఉంటుంది. కుట్లు వేసి నెలల తరబడి ఆగాలి. ఆ రేణువుల మధ్యకు రక్తనాళాలు, వాటి వెంట ఎముక కణాలు చేరి కొత్త ఎముక కడతాయి. పొడి కేవలం ఆధారం.

ఆ పొడి ఎక్కడిది? ఎక్కువగా వాడేవాటిలో ఒకటి పశువుల ఎముకను శుద్ధిచేసి, ఖనిజం మాత్రం మిగిల్చినది. మరణించిన దాతల ఎముక, కాల్షియం ఫాస్ఫేట్‌తో తయారైన కృత్రిమ పొడి కూడా ఉన్నాయి. కొందరికి ఇది నమ్మకాలకు సంబంధించిన విషయం. అందుకే రోగి అడగకముందే వైద్యులు చెప్పాలి. చెప్పకపోతే మొహమాటపడకుండా అడగండి.

ఇంకో మాట. పన్ను పీకించుకునే రోజే "ఈ గుంతలో ఎముక నిలిపే మార్గం ఉందా?" అని అడగండి. అదే రోజు గుంతలో ఈ ఎముక పొడి, అంటే గ్రాఫ్ట్, పెడితే తరుగు పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గుతుంది. ఇక గ్రాఫ్ట్ వేయించుకున్నవాళ్ళు సిగరెట్ మానాలి, షుగర్ అదుపులో పెట్టుకోవాలి. ఆ రెండింటినీ పట్టించుకోకపోతే ఎంత ఖరీదైన పొడి వేసినా గాయం సరిగ్గా మానకపోవచ్చు.